మణికట్టు మీది చారలు

అత్యవసర విభాగంలో ఆ నర్సుకి అందరూ 'భూతద్దం' అని పేరు పెట్టారు. వాసన చూడందే పాల ప్యాకెట్టు కొనదు. మొగుడు ఊరికే నవ్వినా "ఏం చేసొచ్చావ్?" అంటుంది. ముసలివాళ్లను తీసుకొచ్చే బంధువులనైతే గుమ్మంలోనే చూపులతో సోదా చేసేస్తుంది. సగం మంది వదిలించుకోవడానికే వస్తారని ఆవిడ నమ్మకం. ముసలివాళ్లను మాత్రం ఏదీ అడగదు. "మతి ఉండి చెప్తారా పాపం!" అంటుంది.

ఆ మధ్యాహ్నం ఒక కోడలు జ్వరంతో ఉన్న అత్తగారిని తీసుకొచ్చింది. సెలైన్ పెట్టడానికి శాలువా తొలగించగానే రెండు మణికట్ల చుట్టూ కమిలిన చారలు కనిపించాయి. భూతద్దం కళ్లు మెరిశాయి.

"ఇవేంటమ్మా?"

"నాకూ తెలీదు సిస్టర్. పోయిన వారం ఇక్కణ్ణుంచి ఇంటికెళ్లాక చూశా. అడిగితే చెప్పదు."

"ఆహా, అడిగితే చెప్పదా! నువ్వు బయట కూచో. పోలీసులకి చెప్పాలో వద్దో నేను తేలుస్తా."

కోడలి మొహం పాలిపోయింది. "ఆవిణ్ణి నా చేతుల్లోంచి లాక్కుంటారా?"

"ఆ చేతుల సంగతే చూస్తున్నా."

తెర లాగి, గొంతు మెత్తబరిచింది. "పెద్దమ్మా, ఇప్పుడెవరూ లేరు. కోడలి పనేనా?"

ముసలావిడ పెదవి విప్పలేదు. ఇంకేం, భయపెట్టి ఉంచిందన్నమాట! సూది కదలకుండా కట్టు కట్టేసి, పోలీసులకి ఫోన్ చేద్దామనుకుంటూ నర్సు ట్రేలోంచి గాజుగుడ్డ చుట్ట తీసింది.

అది చూడగానే ముసలావిడ రెండు చేతులూ చాచి మంచం కడ్డీకి ఆనించింది.

"ఈసారి కాస్త వదులుగా కట్టు తల్లీ. లేవను. ఒట్టు."

చారల వెడల్పూ గుడ్డ వెడల్పూ ఒకటే. మంచం దిగే ముసలివాళ్లను కడ్డీకి కట్టేయడం ఆ విభాగంలో మామూలే. పోయిన వారం కట్టింది ఎవరు? తనేనా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ముఖాలు చూస్తే కదా గుర్తుండడానికి.

"అప్పుడెందుకు దిగావు పెద్దమ్మా?"

"బాత్రూముకి. పిలిచి పిలిచి నోరెండిపోయింది."

నర్సు తెర తీసి కోడల్ని పిలిచింది. "ఇంట్లో తగిలినవి కావు. మేం ఇక్కడ కట్టేసినప్పుడు పడినవే."

"పోలీసులకి చెప్తానన్నారుగా. ఇప్పుడు చెప్పండి."

కోడలు కుర్చీని మంచం దగ్గరికి లాక్కుని అత్తగారి చేతులు ఒళ్లో పెట్టుకుంది. భూతద్దం ఎటు కదిలితే అటే ఆమె చూపూ కదిలింది.