వదిన తరఫున నేను చెప్పిన జబ్బు

పోయిన నెలలో ఒక ఉదయం, కలకత్తా న్యూ టౌన్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో పక్క మీద ఎడమవైపుకు ఒత్తిగిల్లానో లేదో, గది గోడలన్నీ గిర్రున తిరిగిపోయాయి. మంచంపట్టె పట్టుకుని కళ్లు మూసుకుంటే నిమిషంలోపే సర్దుకుంది గాని, మళ్లీ తల తిప్పితే మళ్లీ అదే వరస. నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఐదో రోజు వంటింట్లో పై అర వైపు తలెత్తి తూలబోతే మా అమ్మాయి పట్టుకుంది. తల తిరిగితే చెవి డాక్టరేమిటని దారి పొడుగునా నేను గొణుగుతున్నా వినకుండా, ఆ సాయంత్రమే చెవి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

ఆ డాక్టరు మా అమ్మాయికన్నా చిన్నవాడు. ఏమిటి ఇబ్బంది అని అడిగితే, ఏదో కాస్త తల తిరిగినట్టుంటుంది బాబూ, పెద్దదేమీ కాదన్నాను. “అమ్మా, తగ్గించి చెప్పకు! బేరమాడడానికి ఇది గరియాహాట్ బజారు కాదు” అని మా అమ్మాయి కసిరింది. అప్పుడాయన తీరుబడిగా ఒక్కొక్కటే అడిగాడు. ఏ పక్కకు తిరిగితే వస్తోంది, తల పైకెత్తితే వస్తోందా, ఎంతసేపుంటోంది, కదలకుండా కూర్చుంటే తగ్గుతోందా అని. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకుంటూ పోయాను. ఆ జవాబులన్నీ నేను ఎప్పుడో, పదిహేడేళ్ల వయసులో, మా వదిన నోట విన్నవే.

ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఏక్‌బాల్‌పూర్‌లో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. రేవులో పనిచేసే మన తెలుగువాళ్లకు చింతపండు, ఎండుమిరపకాయలు, ఉప్పుడు బియ్యం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే బెల్లం అమ్మేవాళ్లం. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు బేరం వచ్చేది. కావలసిన వస్తువు వైపు సూటిగా చూడకూడదు, అవసరాన్ని మొహంలో పడనివ్వకూడదు, ఎదుటివాడికి మన అక్కర తెలిసిందా అంతే సంగతులు అని మా నాన్న నూరిపోసేవాడు. ఆ విద్యలో నేను అన్నను మించిపోయాను. ఖిదిర్‌పూర్ బజారులో చేపలమ్మేవాళ్లు నన్ను చూడగానే తట్ట మీద గోనె కప్పేసేవాళ్లంటే అతిశయోక్తి అనుకుంటారేమో, ఒకాయన నిజంగానే కప్పాడు. బెంగాలీ అయితే ఆ వీధిలో బెంగాలీ పిల్లలకన్నా గడుసుగా మాట్లాడేదాన్ని. అందుకు నాకు చాలా గర్వం.

మా అన్నకు ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి వదినను తెచ్చుకున్నాం. బెంగాలీ ముక్క రాదు గాని చురుకైన చేయి, నవ్వు మొహం. రెండో ఏడు వచ్చేసరికి గల్లా దగ్గర ఆమే కూర్చునేది. పై అరల్లో డబ్బాలు తీయాలంటే చిన్న స్టూలు వేసుకుని ఎక్కేది. ఆ స్టూలు మీదే మొదటిసారి తల తిరిగింది.

ఇంటి ఆడపడుచును, బెంగాలీ వచ్చినదాన్ని కాబట్టి డాక్టరు దగ్గరికి తోడు నేనే. మందుల కొట్టు వెనక చిన్న చేంబర్, కర్ర బల్ల, మా ముందు పది మంది. ఆ బల్ల మీద కూర్చుని వదిన నాకంతా చెప్పింది. “పైకి సూస్తే కొట్టంతా తిరిగిపోతాది అమ్మీ. ఎడం పక్కకి ఒత్తిగిలితే మంచం బోర్లా పడినట్టుంటాది. కళ్లు మూసుకుని కదలకుండా ఉంటే పోతాది. నిల్సున్నప్పుడు ఏటీ ఉండదు. అంతా సెప్పు, ఏటీ వొదలకు” అంది. అంతా చెబుతానన్నాను.

లోపలికి వెళ్లాక నేను చెప్పింది ఒకే ఒక్క ముక్క. “కొంచెం నీరసం డాక్టర్‌బాబూ, సరిగ్గా తినదు.” ఇంత పెద్ద జబ్బని మనమే ఒప్పుకుంటే ఎక్స్‌రేలూ రక్తపరీక్షలూ అని ఎక్కడెక్కడికో తిప్పుతాడని నా తెలివి. చేపల తట్ట ముందు నిలబడ్డట్టే నిలబడ్డాను. ఆయన నా బెంగాలీ మెచ్చుకుని, వదిన కనురెప్ప కిందకు లాగి చూసి ఒక టానిక్ రాశాడు. వదిన నా మొహమూ ఆయన మొహమూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. ఇంత చెబితే అంత చిన్న మాటా అన్నట్టుంది ఆ చూపు. బెంగాలీలో అంతే అవుతుందని నవ్వేశాను.

తరవాత హోమియోపతీ ఆయన తీపి గుళికలిచ్చాడు, మరొకాయన గ్యాస్ అన్నాడు. అందరికీ నేనే చెప్పాను, అందరికీ తగ్గించే చెప్పాను. ఏ మందూ పని చేయకపోయేసరికి ఇంట్లో మాటలు మొదలయ్యాయి. “కొత్తలో లేని రోగం, పని పెరిగేసరికి వచ్చిందేటి?” అంది మా అమ్మ. దానికి ‘డాక్టర్లకే ఏమీ కనపడలేదు’ అని సాక్ష్యం చెప్పింది కూడా నేనే. ఒకనాడు స్టూలు మీంచి డబ్బాతో సహా పడి మణికట్టు విరిగాక, అన్న ఆమెను కొట్లో కూర్చోనివ్వలేదు. వంటింటికి పరిమితమైపోయింది. గోడకు తలగడలు చేర్చుకుని కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకుంది. తిరుగుడు కొన్నాళ్లు పోయేది, మళ్లీ వచ్చేది. దుర్గాపూజల రోజుల్లో పందిళ్లు చూడబోతే మేమంతా మెడలు సాచి అమ్మవారి మొహం చూసేవాళ్లం, వదిన తలెత్తేది కాదు. “మీ కలకత్తాలో నాను సూసిందల్లా మహిషాసురుడి మొహమే” అనేది. అందరం నవ్వేవాళ్లం. అందరికన్నా గట్టిగా నేను.

ఇక ఇప్పటి సంగతి. ఆ కుర్ర డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తల అంచుకు వేలాడేసి, ఒక పక్కకూ మరో పక్కకూ నెమ్మదిగా తిప్పి లేపాడు. చెవి లోపల ఇసుక రేణువులాంటివి చోటు తప్పాయట. పావుగంటలో అయిపోయింది. వదిన సంగతి చెబితే, చూడకుండా చెప్పలేనన్నాడు. ఆ రోజుల్లో ఈ పద్ధతి అందరికీ తెలియదులెండి అని నాకు ఓదార్పు కూడా ఇచ్చాడు. చవగ్గా దొరికిందేదీ వదలని దాన్ని, ఆ ఓదార్పు మాత్రం తీసుకోలేకపోయాను.

అన్న పోయాక వదిన నది అవతల షాలిమార్ దగ్గర కొడుకింట్లో ఉంటోంది. మర్నాడే వెళ్లాను. ఇప్పటికీ మంచం మీద గోడకు మూడు తలగడలు నిలబెట్టి ఉన్నాయి. వాటి వైపు చూడలేక, కిటికీ వైపు తిరిగి అంతా చెప్పేశాను. నువ్వు చెప్పినదాంట్లో పావు వంతు కూడా నేను చెప్పలేదు వదినా అన్నాను.

వదిన తమలపాకుకు సున్నం రాస్తూ, “తెలుసు” అంది.

ఎలా తెలుసని అడిగాను. “రెండేళ్లకి నాకూ బెంగాలీ వొచ్చేసింది కదేటి. గ్యాస్ డాక్టరు దగ్గర నువ్వేటన్నావో అంతా తెలిసింది.” మరెందుకు నోరు విప్పలేదంటే ఆకు మడిచి నోట్లో పెట్టుకుని, “ఆ ఇంటి ఆడపడుచువి. నీ మాట అబద్ధమని నానంటే, ఆ ఇంట్లో నన్నెవరు నమ్ముతారమ్మీ?” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాను. లోపలికి వెళ్లింది వదిన ఒక్కతే. తలుపు సందులోంచి ఆమె బెంగాలీ వినిపిస్తూనే ఉంది. ఏ పక్క, ఎంతసేపు, ఎప్పటినుంచి, మణికట్టు, తలగడలు, ఏదీ వదలకుండా చెప్పుకుంటూ పోయింది. అలా చెప్పడానికి ఆమెకు ఒక జీవితం పట్టింది. ఆమెదీ అదే జబ్బు. నాకు చేసినట్టే రెండుసార్లు చేస్తే గాని తగ్గలేదు, మళ్లీ రావచ్చునట, వస్తే మళ్లీ రమ్మన్నాడు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన ఆడవాళ్లు డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లడం ఎక్కడా ఉండేది కాదు. అత్తో ఆడపడుచో వెంట ఉండేది, ఆమే అడిగేది, ఆమే చెప్పేది, రోగి పక్కన కూర్చునేది. అదే ప్రేమ అనుకున్నాం, చాలాసార్లు ప్రేమే. ఇప్పుడు ఈ క్లినిక్కులో మా అమ్మాయి వయసు వాళ్లు ఫోను సంచిలో పడేసి ఒక్కరే లోపలికి వెళ్లి తలుపేసుకుంటారు. వాళ్లను చూస్తూ బయట కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు సంతోషంగానే ఉంటుంది. పక్క కుర్చీలో తన వంతు కోసం వదిన ఉన్నప్పుడు మాత్రం, నేను ఆమె వైపు తిరగకుండా ఆ మూసిన తలుపునే చూస్తూ కూర్చుంటాను.