నాలుగో వేలి దగ్గర ఆగే మాస్టారు

మాస్టారు పోయారని పోయిన మంగళవారం పొద్దున్నే రావులపాలెం నుంచి ఫోన్ వచ్చింది. నమ్మలేదు. ఎవరు మాట్లాడుతున్నారు, మీకెవరు చెప్పారు, మీరు చూశారా అని ఎదురు ప్రశ్నలు వేశాను. అవతల ఉన్నది మాస్టారి భార్యేనని తెలిశాక, వెంటనే బయల్దేరుతున్నానని చెప్పాను. దేన్నీ ఊరికే నమ్మకూడదని నాకు నేర్పింది ఆయనే. ఆ పూట ఆ చదువు మీద నాకే కోపం వచ్చింది.

తొంభైల చివర్లో రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర మేడమీద గదిలో ఆయన మాకు సి లాంగ్వేజీలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం చెప్పేవారు. ఒట్టి అనుమానం మనిషి. తాళం వేసి రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూసేవారు. హోటల్లో కాఫీ వాసన చూడనిదే తాగేవారు కాదు. అన్నిటికంటే ఎక్కువ అనుమానం ఫంక్షన్ల మీద, అంటే ప్రోగ్రాంలో ఒక్కో పనికి విడిగా రాసే ముక్కల మీద. మేం రాసింది చూపిస్తే, ఆ ఫంక్షన్ తన పనికి ఏయే వివరాలు ఇమ్మని అడుగుతోందో చదువుతూ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచేవారు. మూడు దాకా ఏమీ అనేవారు కాదు. నాలుగో వేలి దగ్గర ఆగి కళ్ళజోడు మీదనుంచి చూసేవారు.

"ఇన్ని అడుగుతోందంటే ఒక్క పని చేస్తున్నట్టు లేదమ్మా. లోపల ఇంకేదో నడుపుతోంది."

మూడు దాటితే ఆయనకే లెక్క రాదేమోనని మేం గుసగుసలాడుకునేవాళ్ళం. ఒకసారి ఆయన నోరు మూయిద్దామని, వివరాలన్నీ ప్రోగ్రాంలో ఏ ముక్కైనా తీసుకునేలా బయట పెట్టేసి, అసలేమీ అడగని ఫంక్షన్ రాసి పట్టుకెళ్ళాను. ఇంకా అనుమానంగా చూశారు.

"గుమ్మం దగ్గర ఏమీ అడగట్లేదా? అయితే దొడ్డిదారిన తెచ్చుకుంటోందన్నమాట."

"మరి మూడు దాటితే తప్పేనాండీ?"

"తప్పని ఎవరన్నారు? అనుమానించమన్నాను. కలిసి తిరిగే వివరాలని ఒక కట్ట కట్టి, పేరు పెట్టి ఇవ్వు."

మా సీనియర్లు ఇద్దరు, ఆయనకి చూపిస్తే వంకలు పెడతారని, చెప్పకుండా ఒక అరటి షావుకారుగారికి ప్రోగ్రాం రాసిచ్చారు. లారీకి ఎన్ని గెలలు ఎక్కాయో చీటీ ప్రింటు చేస్తుంది. చిన్న గెలలు రెండైతే ఒకటి కింద లెక్క కట్టడం షావుకారుగారి దగ్గర పద్ధతి. ఆ ఏడు గాలివానకి తోటలు పడిపోయి, ఎదగని గెలలన్నీ కోసేశారు. అలాంటి లారీ ఒకటి తుని అవతల దింపితే, చీటీలో ఉన్నదానికంటే సరుకు బాగా తక్కువొచ్చింది.

షావుకారుగారు డ్రైవర్ని వెంటబెట్టుకుని మా గదికే వచ్చారు. దారిలో గెలలు అమ్ముకున్నాడని పోలీసులకి ఇవ్వడానికి అదే చీటీ ఇంకోటి కావాలట. ఎక్కడ ఆపావు, ఎవరెక్కారు, టీ ఎక్కడ తాగావు అంటూ తలా ఒక ప్రశ్న. నాకూ వాడి మీదే అనుమానం. డ్రైవర్ తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మనిషి సంగతి తర్వాత చూద్దాం. ముందు దీన్ని అడుగుదాం ఉండండి" అని మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని, చీటీ వేసే ఫంక్షన్ తెరిచి వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. రకం, ఊరు, లారీ. నాలుగో వేలు, పెద్ద గెలలు. ఐదోది, చిన్నవి. ఆగారు. సీనియర్లిద్దరిలో ఫంక్షన్ రాసినతను పెద్దవి ముందడిగాడు. దాన్ని పిలిచి అంకెలిచ్చే లైను రాసినతను మాత్రం, యార్డులో కూలీలు చిన్నవాటి లెక్కే ముందు కేకేస్తారు గనక, అవే ముందిచ్చాడు.

"రెండూ అంకెలేగా అండీ. తారుమారైనా కంప్యూటర్ కిక్కురుమనదు" అన్నారు మాస్టారు. చిన్న గెలలన్నీ పెద్దవాటి లెక్కలో, పెద్దవి చిన్నవాటి లెక్కలో పడ్డాయి. రెండూ సమానంగా ఎక్కిన లారీల్లో తేడా కనబడలేదు. షావుకారుగారు డ్రైవర్ భుజమ్మీద చెయ్యి వేశారు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆయన వేళ్ళు చూసి నవ్వలేదు.

మంగళవారం నేను రాజమండ్రి నుంచి వెళ్ళేసరికి గుమ్మం పక్కన, తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, నెరిసిన జుట్టు మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఎవరితను, ఏం పని ఇక్కడ అని నా బుద్ధి కొద్దీ అనుమానంగానే చూశాను. నన్ను చూసి తనే చెప్పాడు.

"ఆ గెలల చీటీ గొడవ రోజు గదిలో అందరూ నన్నే అడిగారండి. ఈ బాబుగారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదండి."

ఏడుపు ఆగలేదు. లోపలికి వెళ్ళాను. మాస్టారి కుడిచెయ్యి గుండె మీద పెట్టారు. ఒక్క వేలూ మడిచి లేదు.