హాట్ ప్రెస్‌లో సీసా

ఆ మధ్యాహ్నం మా ఫ్లాట్ గుమ్మం దగ్గర ఉన్నవాళ్లు: నేను, నా భార్య, రెండు మీటర్ల అవతల పక్క ఫ్లాట్ పెద్దాయన. ఉన్నవి: మూడు మాస్కులు, ఒక సూట్‌కేసు, తువ్వాలులో చుట్టిన వైన్ సీసా.

పెద్దాయన భార్య వైరస్ సోకి ఆసుపత్రిలో ఉంది. ఆయన ఇక్కడ సిటీవెస్ట్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి, దగ్గర్లోని నేస్ ఊళ్లో ఉన్న కూతురింటికి వెళ్తున్నారు.

"అక్కడ మనవళ్లు ముగ్గురు. పిజ్జా తింటూ దీన్ని ఖాళీ చేసేస్తారు. మీరు తాగరుగా, మీ దగ్గరే భద్రం," అన్నారు.

యాభై ఏళ్ల కిందట వాళ్లిద్దరూ ఫ్రాన్స్‌లో ఒక పేరున్న ఎస్టేటులో ద్రాక్ష కోసే పనిలో కలిశారు. గులకరాళ్ల నేల, నడుమెత్తు రాతిగోడ, ప్రతి వరస మొదట్లో ఒక గులాబీ మొక్క. తెగులు ముందు గులాబీ మీద కనిపిస్తుందట. ఐదు తరాలుగా ఒకే కుటుంబం తోట అది. ఆ ఏడే పెళ్లి చేసుకున్నారు. సీసా ఆ ఏటి పంటే. యాభయ్యో పెళ్లిరోజున తెరవాలని దాచారు.

"చీకట్లో పడుకోబెట్టండి. కదిలించకండి. అంతే, గ్రాండ్," అన్నారు పెద్దాయన. ఇక్కడివాళ్ల మాటలో గ్రాండ్ అంటే ఇక చాలు, బాగుంటుందని.

ఫోనులో రాసుకున్నాను: చీకటి, అడ్డంగా, కదపకూడదు. మా ఇంట్లో మూడూ కుదిరే చోటు ఒక్కటే. హాట్ ప్రెస్, అంటే వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమర. ఈ దేశపు చలికి మా ఇడ్లీ పిండి పులిసేది అందులోనే.

"పిండి గిన్నె వెనక పెట్టు, ఎవ్వలు ముట్టరు," అంది నా భార్య. "మందు ముట్టనోని ఇంట్ల మందు సీసా! అత్తమ్మకు వీడియో కాల్‌ల చూపిస్త ఆగు."

పిండి కోసం అక్కడ థర్మామీటరు వేలాడదీసింది కూడా నేనే. వారం వారం చూసేవాణ్ణి. పిండి కోసమే చూశాను.

ఏడు వారాల తర్వాత ఆయన ఫోన్ చేశారు. భార్య ఇంటికి వచ్చింది, ఆదివారం పెళ్లిరోజు, సీసా కోసం వస్తున్నాను అన్నారు. తువ్వాలు విప్పితే ఊదారంగు జిగట. బిరడా అరంగుళం పైకి లేచింది.

"తుడిచి ఇచ్చేద్దామా?" అన్నాను నా భార్యతో.

"ఏం తుడుస్తవ్? తెల్వక చేసినమని చెప్పు. పెద్దమనిషి ముంగట నాటకాలొద్దు."

గుమ్మంలో చెప్పాను. హాట్ ప్రెస్ అనగానే ఆయన కళ్లు మూసుకున్నారు. తర్వాత మాస్కు దించి బిరడా వాసన చూశారు.

"వేడికి ఉడికిపోయింది. వైన్‌కి పదిహేను డిగ్రీలు దాటకూడదు."

"ఇలాంటిదే కొనిస్తాను," అన్నాను.

"ఆ ఏటిది? ఎక్కడ దొరుకుతుంది?"

ఆయన సీసాను మళ్లీ తువ్వాలులో చుట్టారు.

"ఆమెకు వాసనా రుచీ ఇంకా తిరిగి రాలేదు. ఏం తిన్నా ఎలా ఉందని నన్నే అడుగుతుంది. ఇదీ అడుగుతుంది," అన్నారు. "బాగుందనే చెప్తాను. ఎప్పుడైనా ఆమెను కలిస్తే మీరు మాత్రం ఏమీ అనకండి."

సరేనన్నాను. ఆయన కారు వెళ్లాక హాట్ ప్రెస్ తలుపు తీసి థర్మామీటరు చూశాను.

ముప్ఫై ఒక్క డిగ్రీలు.