దిగండి సార్, పుట్టినరోజు అయిపోయింది

"నా మొహం ఎక్కడ పెట్టావో చెప్పు!"

"మీ మొహం మీ మెడ మీదే ఉందిగదండీ."

"వెటకారమా? పన్నెండడుగుల మొహం! నిన్న సాయంత్రం దాకా సెంటర్లో ఉంది. తెల్లారేసరికి కర్రలు మిగిలినయ్!"

"కర్రలు వేరేవాళ్లయ్యండీ. అందుకే ముట్టుకోలా."

ప్రత్తిపాడు సెంటర్లో టీ కొట్టు ముందు ఈ గొడవ జరుగుతుంటే, పక్కనే ఉన్న ఫ్లెక్సీ షాపులో కూర్చుని విన్నాను. మొహం పోగొట్టుకున్నాయన, ఎలక్షన్లొస్తే నిలబడే పురుగుమందుల కొట్టు వెంకటనారాయణ గారు. తీసినాయన పానకాలు బాబాయ్. ఆ పుట్టినరోజు మొహానికి కంప్యూటర్లో జుట్టు మొలిపించి, బుగ్గలకు గులాబీ రంగు పూసి, వయసు తగ్గించింది నేను.

పానకాలు బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. సందర్భం అయిపోయాక ఇంకా వేలాడుతున్న ఫ్లెక్సీ కనిపిస్తే దింపకుండా ఉండలేడు. అది కూడా దొంగలాగా కాదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, అందులోని మొహానికి దణ్ణం పెట్టి, "సార్, తమరి పుట్టినరోజు అయిపోయింది, దిగండి" అని మర్యాదగా చెప్పి మరీ తాళ్లు కోస్తాడు. సంతాపం ఫ్లెక్సీ అయితే గొంతు తగ్గిస్తాడు. "పెద్దాయనా, పెద్దకర్మ కూడా అయింది. ఇంకా ఇక్కడే నిలబడితే పైనవాళ్లు కంగారు పడతారు."

ఒకసారి ముహూర్తం దాటిందని పెళ్లి ఫ్లెక్సీ దింపేశాడు. ఆలస్యంగా వచ్చిన బంధువులు దారి తప్పి పక్క వీధి పెళ్లికి వెళ్లారు. అక్కడ గారెలు తిని, అక్షింతలు వేసి, తాంబూలం పుచ్చుకుని, "మనవాడు ఉన్నట్టుండి ఇంత పొడుగయ్యాడేంటి" అనుకుంటూ ఇంటికి పోయారు.

ఫ్లెక్సీలు రాకముందు ఈ చుట్టుపక్కల గోడలన్నీ బాబాయ్‌వే. పురుగుమందు ప్రకటన కోసం ఆయన వేసిన పత్తికాయ పురుగును పొడిచి పొడిచి కోళ్లు గోడకు బొక్క పెట్టాయని చెప్పుకుంటారు. అలాంటి చెయ్యి ఖాళీ అయిపోయింది కాబట్టి, ఇదంతా కడుపుమంట అని ఊరంతా తేల్చేసింది. నేనైతే మొహం మీదే అడిగాను.

"నీ పని పోయిందని మా పని చెడగొడతావా బాబాయ్?"

"నీ పనా? ఇంజనీరింగ్ సగంలో వదిలేశావు. సెల్‌ఫోన్ల షాపు సగంలో వదిలేశావు. మొదలుపెట్టడం నీ వంతు, ముగించడం నా వంతు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చేసినంత పని అవుద్దిరా ఉదయ్."

"అది సరే, దింపినవాళ్లందర్నీ ఏం చేస్తన్నావు?"

"సుఖంగానే ఉన్నార్లే."

ఎవరడిగినా ఇదే జవాబు. ఆ రోజు వెంకటనారాయణ గారికీ ఇదే చెప్పాడు. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సాయంత్రంలోగా ఫ్లెక్సీ రాకపోతే స్టేషన్లో కూర్చోబెడతా!"

"కూర్చోబెట్టండి. అక్కడ ఫ్యానుంటది. ఫ్లెక్సీ మాత్రం అడగబాకండి" అని బాబాయ్ గ్లాసు కింద పెట్టి, రంగు డబ్బా సైకిలుకు తగిలించుకుని పోయాడు.

ఆ చివరి మాటలో మొదటిసారి వెటకారం లేదు. నాకు అనుమానం వచ్చింది. "బండెక్కండి సార్, వెంటబడదాం" అన్నాను.

ఊరు దాటి, పత్తి చేలు దాటి, మిరప కళ్లాల దగ్గర సైకిలు ఆగింది. ఎండ పెళపెళలాడుతోంది. ఎర్రటి కాయల రాశుల పక్కన పొడవాటి పందిరి. ఇంతకుముందు అక్కడ పందిరి లేదు. మిరపకాయల ముచ్చికలు తీసే ఆడకూలీలు నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఎండలోనే కూర్చునేవాళ్లు. రోడ్డు గట్టు మీంచి పందిరి పైకప్పు చూస్తే నియోజకవర్గంలోని నాయకులందరూ వెల్లకిలా పడుకుని సూర్యుడికి నమస్కారం పెడుతున్నారు. చివర్లో, ఒక సంతాపానికీ ఒక ఓణీల ఫంక్షన్‌కీ మధ్య, మెరిసే బుగ్గలతో వెంకటనారాయణ గారు.

"అదుగో నేను!" అని అరిచి, బండి ఆగకముందే దూకి పందిట్లోకి దూరారాయన. దూరి, తలెత్తి చూశారు.

పైన నాయకులైతే, లోపలివైపు వేరే మనుషులు. ఫ్లెక్సీల వెనక్కి తెల్లరంగు పూసి, దాని మీద బొమ్మలు. కింద కూర్చున్న ఆడవాళ్లే పైన ఉన్నారు. కింద ఘాటు తగలకుండా ముక్కూ నోరూ గుడ్డతో బిగించి కట్టుకుని, కళ్లు మాత్రమే కనపడేలా ఉన్నారు. పైన నిండు మొహాలతో, ఫ్లెక్సీ అంత పెద్దగా, ఎవరికీ నమస్కారం పెట్టకుండా ఉన్నారు. ఒకటే తేడా. అందరికీ ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

"వీళ్లందరికీ పన్ను నొప్పా?" అన్నాను.

"అన్నం తినేటప్పుడే గదరా గుడ్డ విప్పేది!" అన్నాడు బాబాయ్. "ఆ కాస్సేపట్లో చూసి గుర్తుపెట్టుకోవాల."

"ముద్ద మింగేదాకా ఆగమంటే ఆగలా" అంది కింద కూర్చున్న కూలీల్లో జైతున్‌బీ అనే ఆవిడ. "పైగా నా ముక్కుపుడక అటుదిటు పెట్టాడు. మా ఆయన ఎవరీవిడ అని అడిగాడు."

వెంకటనారాయణ గారి ఫ్లెక్సీ వెనకవైపు బొమ్మ ఇంకా పూర్తికాలేదు. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న పెద్దావిడ. కళ్లు వేయాలి, అంతే.

"నా వెనకాల ఎవరు?"

"నేనేనండీ, పేరమ్మని" అంటూ ముఠా పెద్ద లేచింది. "అందరివీ అయినాక నాది వేయమన్నా. ఇయ్యాల్టికి వంతొచ్చింది. కాలు మీద కాలేసుకుని నేనెప్పుడు కూర్చున్నానండీ! పొద్దున బొమ్మ గీసిన కాడ్నించి రెండుసార్లు పాకటీసు చేశా. పడ్డా."

ఆడవాళ్లు గుడ్డల్లోపల నవ్వారు. బాబాయ్ మాత్రం నవ్వలేదు. నిచ్చెన మీద కుంచె పట్టుకుని నిలబడి, ఫ్లెక్సీల్లో మొహాలకు పెట్టే దణ్ణం ఈసారి మనిషికి పెట్టాడు.

"తీసుకుపోండి సార్. పొద్దు వాలినాక తీసుకుపోండి. ఈలోపు కళ్లు వేసేస్తా. ఒక్కసారి తన మొహం తను చూసుకుంటది."

వెంకటనారాయణ గారు ఏదో అనబోయారు. మిరప ఘాటుకు వరసగా తుమ్ములొచ్చాయి. పేరమ్మ మంచినీళ్లిచ్చింది. తాగి, నీడలో కాసేపు నిలబడి, పైకి చూశారు.

"అవతలవైపు నా మొహం బాగానే కనపడతందా?"

"పైన గద్దలకి బ్రహ్మాండంగా కనపడతందండీ" అంది పేరమ్మ. "ఎలచ్చన్లప్పుడు అందరూ మీ వెనకాల ఉన్నామంటారు. నిజంగా ఉన్నది మేమేనండీ."

ఆయన గ్లాసు తిరిగిచ్చారు. "వానొస్తే రంగు పోదుగా?"

"మీదా అండీ, పేరమ్మదా?" అన్నాడు బాబాయ్.

"రెండూనయ్యా!" అని విసుక్కుని, ఫ్లెక్సీ ఊసెత్తకుండా నా బండి ఎక్కి కూర్చున్నారు.

నేను బండి తిప్పుతుంటే బాబాయ్ గబగబా నిచ్చెన దిగి వచ్చాడు. వెనక కూర్చున్నాయనకు వినపడకుండా నా భుజం మీదికి వంగాడు.

"ఒరేయ్ ఉదయ్, ఒక్క సాయం చెయ్యరా. అవతల కళ్లంలో రాజేశ్వరి ముఠా ఇంకా ఎండలోనే మాడతన్నారు. వచ్చే నెల ఈయన పెళ్లిరోజంట. ఎట్టాగూ అమ్మగారి బొమ్మ కూడా పడుద్ది. ఆవిడ పక్కన బావమరుదులు నలుగుర్నీ నిలబెట్టు. వెడల్పు పెరుగుద్ది."