జర్మనీ కాలెట్లు, తొగుట ఎద్దు

ఇది మహాసంగ్రామం కథ. ఇందులో జర్మనీ ఉంది, ఉక్కు ఉంది, ఒక వీరుడి పతనం ఉంది. గుండె దిటవు లేనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ఆగనివారికి చిన్న సవరణ. జర్మనీ నా నోట్లో తప్ప ఎక్కడా లేదు. వీరుణ్ణి నేనే కాబట్టి, పడ్డ ఎత్తు కూడా చెప్పుకోదగ్గది కాదు. లేత్ ముందు నిలబడే చెక్కపీట ఎంత ఎత్తో, అంతే.

యుద్ధం ఇంకా ముగియని రోజులు. సిద్దిపేటలో మా లచ్చయ్య మామకు చిన్న కార్ఖానా ఉండేది. బండి ఇరుసులు, బావి గిరకలు, విరిగిన సీలలు, ఏది తెచ్చినా బాగుచేసేవాడు. అందులో నా కొలువు ఆకురాయి పట్టడం. పొద్దున్నే ఒక ఇనప ముక్కను ముందర పెట్టుకుని రుద్దడం మొదలుపెడితే, సాయంత్రానికి ముక్క కొంచెం అరిగేది, మనిషి ఇంకొంచెం ఎక్కువ అరిగేవాడు.

ఆ ఏడే మామ హైదరాబాదు నుంచి, ఇనుమును తిప్పుతూ చెక్కే ఒక పాత లేత్ తెచ్చాడు. కాలితో తొక్కితే తిరిగేది. కంపెనీ పేరున్న పలక ఎప్పుడో ఊడిపోయింది. దాని మీద నాకు మనసు పడింది గానీ, మామ ముట్టనిచ్చేవాడు కాదు. ముట్టనిచ్చింది దసరా నాడు మాత్రమే, పూజకు. పసుపును నీళ్లతో కలిపితే ఇనుముకు తుప్పు పడుతుంది కదా అని నాకు తోచింది. బుర్ర చూశారా! తలుపులకు పూయడానికి అత్త తెప్పించిన అవిసె నూనెలో పసుపు కలిపి లేత్ ఒళ్లంతా పట్టించాను. చువ్వను పట్టుకుని తిరిగే ఆ నోరుంటుంది చూశారూ, దాని లోపలికి కూడా వేలు పోయినంత దూరం పూశాను. దేవుడు లోపలే కదా ఉండేది!

"పిలగానికి భక్తి మంచిగున్నది" అన్నాడు మామ, అత్తతో.

పూజ తర్వాత పైపైన తుడిచి, ఆ నోటి మీద చక్ అనే పెద్ద పట్టు బిగించి పని మొదలుపెట్టారు. నోటి సంగతి అందరం మరిచిపోయాం. దేవుడు కూడా మరిచిపోయాడనే నా అనుమానం.

ఎండాకాలంలో, లేత్ అమ్మినాయన ఒక గోనెసంచి పంపించాడు. కొట్టు మూలన దొరికాయట. విప్పితే, కాలెట్లు.

కాలెట్ అంటే వేలెడు ఉక్కు గొట్టం. ఒక కొసన మూడు చీలికలు ఉంటాయి. మధ్యలో సన్నని చువ్వ పెట్టి, గొట్టాన్ని లేత్ నోట్లోకి లాగి బిగిస్తే, చీలికలు దగ్గరికొచ్చి చువ్వను పట్టుకుంటాయి. అత్త నా చెవి పట్టుకున్నట్టే, వదలవు, వంకర పోనివ్వవు. చిక్కల్లా ఒక్కటే. ఒక మిషను కాలెట్ ఇంకో మిషనుకు పట్టదు. సంచిలోని వాటి మీద పేరు లేదు, అంకె లేదు.

అక్కడే బల్ల మీద నేతపని చేసే నర్సయ్య తాత కూర్చుని ఉన్నాడు. కండెలు చుట్టే రాట్నానికి ఆయనకు కొత్త కదుళ్లు కావాలి. అంత సన్నని చువ్వ పెద్ద చక్‌లో బిగిస్తే వంకర తిరుగుతోంది. కండెలు లేక ఆయన మగ్గం ఆగిపోయింది.

మామ సంచి నా ముందు పెట్టాడు. "అల్లుడా, గివి మన లేత్‌వేనా, ఇంక దేనివన్ననా? సూసి చెప్పు. సరిగ్గ చెప్తివా, రేపటి సంది లేత్ నీ చేతికే. చెప్పకుంటివా, గా ఆకురాయి ఉండనే ఉన్నది."

చక్ విప్పాను. లోపల నోరు నల్లగా, నున్నగా మెరుస్తోంది. కాలెట్లు ఒక్కొక్కటే దూర్చి చూశాను. ప్రతిదీ కొంచెం పోయి ఆగుతుంది. మందం కొలిచే కాలిపర్ పెట్టి చూశాను. లోపలి కంతలు వేరువేరు, బయటి కొలత మాత్రం అన్నిటిదీ ఒక్కటే. ఆ కొలత లేత్ నోటికంటే వెంట్రుకవాసి ఎక్కువ.

ఇలాంటప్పుడు తెలివైనవాడు "ఏమో మామా" అంటాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"మామా, గివి లేత్‌వి గావు. మిల్లింగ్ మిషన్‌వి."

"గదేంది మల్ల?"

"లేత్‌ల ఇనుము తిరుగుతది, కత్తి నిలవడ్తది. మిల్లింగ్‌ల కత్తి తిరుగుతది." ఇది నిజమే. హైదరాబాదులో ఒకసారి కిటికీలోంచి చూశాను.

"ఏ మిల్లింగ్‌వి?"

"జర్మనీవి."

"నీకెట్ల తెల్సింది?"

"ఉక్కు సూడు మామా, ఎంత కోపంగున్నదో."

నర్సయ్య తాత బల్ల మీది నుంచి లేచాడు. "జర్మనోళ్లవైతే పోలీసులొస్తరేమో లచ్చయ్యా! ఆడ యుద్ధమైతున్నది గద."

"యుద్ధం నీ కదుళ్ల కోసం గాదు తాతా, కూసో" అన్నాడు మామ.

మాట ప్రకారం లేత్ నా చేతికొచ్చింది. పీట ఎక్కి నిలబడ్డాను. అక్కడి నుంచి చూస్తే సిద్దిపేట మొత్తం కొంచెం కిందుగా కనిపించింది.

పనికిరాని కాలెట్లను ఎవరికి కావలసింది వారు తీసుకున్నారు. గాలికి తలుపు కొట్టుకోకుండా అత్త ఒకటి అడ్డం పెట్టింది. నూలుకు బరువుగా కట్టుకుంటానని నర్సయ్య తాత ఒకటి పట్టుకుపోయాడు. ఇరుసు కోసం వచ్చిన తొగుట ఊరి మల్లయ్య ఒకదాన్ని వేలితో కొట్టి చూసి, "మంచిగ మోగుతున్నది" అని పక్కనే తగిలేలా ఒక బోల్టు వేలాడదీసి ఎద్దు మెడకు కట్టాడు. జర్మనీ గంట అని నేనే చెప్పి పంపాను.

ఇక నా మొదటి పని నర్సయ్య తాత కదుళ్లు. కాలెట్ లేదు కాబట్టి చక్‌లోనే బిగించాను. మొదటి కదురు విల్లులా వచ్చింది. రెండోది కొడవలిలా వచ్చింది.

"గీటితోని కండెలు చుట్టుడా, గడ్డి కోసుడా?" అన్నాడు తాత.

మామ చూసి చూసి లేచాడు. "జరుగు. నేనే ఒక కాలెట్ జేస్త." చక్ విప్పి, కొలత సరిగ్గా రావాలని లేత్ నోటిని సన్నని ఇనప రేకుతో గీకాడు. ఆగాడు. మళ్లీ గీకాడు.

"అల్లుడా, ఇనుముకు కామెర్లయితయా?"

"ఏంది మామా?"

"లోపట పచ్చగెల్లుతున్నది."

అత్త వచ్చి ఆ పొట్టును వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. "గిది పసుపు. అవిసె నూనె వాసన గూడ వస్తున్నది." తర్వాత నా వైపు చూసింది. మామ చూశాడు. నర్సయ్య తాత చూశాడు. చూడనిది లేత్ ఒక్కటే, దాని నోరు నిండుగా ఉంది కాబట్టి.

"భక్తి గట్టిపడ్డదే" అన్నాడు మామ.

కిరసనాయిలు పోసి నానబెట్టి, గీకి, గుడ్డ పెట్టి తుడిచాం. తలుపు దగ్గరి కాలెట్ తెచ్చి దూర్చితే, ఇంటికొచ్చిన పిల్లిలా చప్పుడు లేకుండా లోపలికి పోయింది. తాత నూలుకు బరువుగా కట్టుకున్నది తెప్పించి పెడితే అదీ అలాగే పోయింది. అన్నీ మా లేత్‌వే. కదురు చువ్వకు సరిపోయే సన్న కంతది మాత్రం సంచిలో లేదు. అది తొగుటలో ఎద్దు మెడలో మోగుతోంది.

ఎండలో నడుచుకుంటూ పోయాను. మల్లయ్య పొలంగట్టు మీద ఉన్నాడు.

"మల్లయ్య మామా, గా గంట వాపసియ్యాలె."

"గంట నాది గాదు పిలగా, ఎద్దుది. దాన్నే అడుగు."

"మా కార్ఖానల పనున్నది."

"జర్మనీ గంటంటివి గద! ఊరంత చెప్పుకున్న. సూడనీకె అక్కన్నపేట సంది మా బామ్మర్ది గూడ వచ్చిండు."

"జర్మనీది గాదు."

"మరి యాడిది?"

"మా లేత్‌దే."

మల్లయ్య ముఖం చిన్నబోయింది. వెంటనే గంట విప్పి నా చేతిలో పెట్టాడు. "సిద్దిపేటదైతే మా ఎద్దుకెందుకు? తీస్కపో." ఎద్దు మాత్రం అంత తొందరగా రాజీపడలేదు. నా అంగీ కొస కొంత నమిలి, అప్పుడు వదిలింది.

తిరిగొచ్చేసరికి పీట మీద మామ నిలబడి ఉన్నాడు. బోల్టు తీసేసి కాలెట్ బిగించి తొక్కాడు. కదురు సూదిలా వచ్చింది. నర్సయ్య తాత దాన్ని కంటి దగ్గర పెట్టుకుని కొస దాకా చూశాడు.

"ఏమన్నను లచ్చయ్యా, జర్మనీ పని జర్మనీ పనే" అని కదుళ్లు పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.

మామ ఆకురాయి తీసి, దుమ్ము ఊది, నా చేతికిచ్చాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ ఆకురాయి మీద చేయి వేసి మీ ముందు ప్రమాణం చేస్తున్నాను. పేరు తెలియని కాలెట్‌కు ఈ జన్మలో దేశం పేరు పెట్టను. ముందు నోరు కడిగి, తర్వాతే కొలుస్తాను. నా నోరైనా, లేత్ నోరైనా.

ఇంతకూ, అవిసె నూనె ఆరితే గట్టిపడుతుంది. తలుపులకు పూసేది అందుకే.