అమ్మ రాసిన వస

నిన్న ఉదయం దీపం పెట్టి, అమ్మకు జావ కాస్తున్నాను. ఆస్పత్రి నుంచి తమ్ముడి ఫోన్.

"అక్కా, అమ్మ పోయింది."

స్టవ్ ఆపడం కూడా మర్చిపోయాను.

గంటలో వస్తానని చెప్పి వచ్చాను. ఆగలేదు. ఎప్పుడు నా మాట విన్నది గనక.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అరవైల చివర్లో, తార్నాకలో, చీలిన పెదవితో, చీలిన అంగిలితో పుట్టాను. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవట. అమ్మ నన్ను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా తాగించి బతికించింది. ఆ ఓపికకు దండం.

మిగతావాటికే నాకు ఓపిక లేదు.

కడుపుతో ఉండగా గ్రహణం నాడు కత్తిపీట ముట్టిందట. అందుకే ఇలా అయిందని నమ్మింది. మా నాన్న, బాపు అంటాం, యూనివర్సిటీలో అటెండర్. అక్కడి లెక్చరర్ మేడమ్ ఒకావిడ అమ్మను కూర్చోబెట్టి చెప్పింది. గ్రహణం వచ్చింది ఏడో నెలలో, బిడ్డ అంగిలి మూడో నెలకే కలిసిపోవాలి, నీ తప్పేం లేదని. అమ్మ అంతా విని తలూపింది.

తర్వాతి గ్రహణానికి కత్తిపీటను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

ప్రతి గ్రహణానికీ నా పెదవి మీది గీత తడిమి, "నేనే జేసిన బిడ్డా" అనేది.

పెదవి కుట్టాక, ఏడాదిన్నరకు అంగిలి ఆపరేషన్‌కు రమ్మన్నారు. తీసుకుపోలేదు. ముఖం బాగైంది, మాటలకు వస చాలనుకుంది. ముషీరాబాద్ నుంచి వసకొమ్ము తెప్పించి, రోజూ పొద్దున అరగదీసి నాలుకకు రాసేది. అది అంగిలి సందులోంచి ముక్కులోకి పోయి ఒకటే మంట. నేను ఏడిస్తే, గొంతు లేస్తోందని సంబరపడేది.

చివరికి నాలుగేళ్ళప్పుడు బాపు ఎత్తుకుపోయి ఆపరేషన్ చేయించాడు. మాట కొంత ముక్కుతోనే మిగిలింది. ఎవరైనా నవ్వుతారని అమ్మకు భయం. "మెల్లగ మాట్లాడు బిడ్డా." అదే అలవాటైంది. గుళ్ళో భజనకు కూడా గొంతెత్తకుండా పెదవులు మాత్రం కదిపేదాన్ని.

ఈ ఏడాది అమ్మకు చెవులు మందగించాయి. "గట్టిగ మాట్లాడవే, ఇనస్తలేదు."

యాభై ఏళ్ళు మెల్లగా, ఇప్పుడు గట్టిగానట.

మొన్న విసుగొచ్చి, మంచం పక్కన కూర్చుని వార్డంతా వినిపించేలా దేవుడి నామాలు చదివాను. నర్సు కూడా ఆగి చూసింది. అమ్మ కళ్ళు మూసుకుని మొత్తం విని, పక్క మంచం ఆవిడతో అంది:

"సూడు, ఎంత సాఫుగ వస్తున్నదో. రోజు వస రాసిన నేను."



అమ్మా, వస సంగతి నువ్వన్నట్టే కానీ. ఒక్క మాట మాత్రం ఇప్పుడు గట్టిగానే చెబుతున్నాను.

నేనిలా పుట్టింది కత్తిపీట వల్ల కాదు. నీ వల్ల కాదు.

ఆ బరువు అక్కడికి మోసుకుపోకు. దేవుడి దగ్గర నిమ్మళంగా ఉండు.