మా అమ్మ ఫొటో తెరుచుకున్న తీరు

షట్టర్ ముందు ఎవరైనా నిమ్మకాయలు పెడితే కాలితో పక్కకు నెట్టి షాపు తెరిచే మనిషిని నేను. దయ్యాల మాట ఎత్తితే మా ఆయనతో కూడా వాదానికి దిగుతాను. ఇప్పుడు చెప్పేదాంట్లోనూ దయ్యమేమీ లేదు. మా అమ్మ బతికే ఉంది, ఆరోగ్యంగానే ఉంది.

సైదాబాద్‌లో మాకు చిన్న షాపు ఉంది. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, పాస్‌పోర్టు ఫొటోలు చేస్తాం. కంప్యూటర్ పని అంతా నాదే.

అమ్మ మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. ఆమె పెదవుల చుట్టూ, బుగ్గల మీద బొల్లి మచ్చలు ఉన్నాయి. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాయట. అది అంటుకునే జబ్బు కాదని అడిగిన ప్రతివాళ్లకూ నేనే చెప్పేదాన్ని. అయినా మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ చేస్తుంటే మా ఆడబిడ్డ ఒక మాట అంది. రేపు పిల్లకు సంబంధాలు చూడాలి, అమ్మమ్మ ముఖం అంత పెద్దగా పెడితే నలుగురూ ఏదో ఒకటి అనుకుంటారని. మరునాడు మధ్యాహ్నం షాపులో కూర్చుని అమ్మ ఫొటోలో మచ్చలన్నీ తుడిచేశాను.

సేవ్ చేసి, ఎలా వచ్చిందో చూద్దామని ఫైలు మీద నొక్కాను. ఊరికే ఫొటోలు చూసే ప్రోగ్రాంలో తెరుచుకుంది. మచ్చలు అలాగే ఉన్నాయి. ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిస్తే లేవు. రెండు కాపీలున్నాయేమో అని వెతికాను. ఒక్కటే ఉంది. పాత బొమ్మ మెమరీలో నిలిచిపోయిందేమో అని కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అదే తీరు.

సరే, లోపం ఆ చూసే ప్రోగ్రాంలోనే ఉందనుకున్నాను. ఇకనుంచి ఏ ఫొటో అయినా ఎడిటింగ్ ప్రోగ్రాంలోనే తెరుచుకునేలా సెట్టింగ్ మార్చాను. దేనితో తెరవాలో ఎంచుకుని, ఎప్పుడూ ఇదే అని చెప్పడమే, పెద్ద పనేం కాదు. మిగతా ఫొటోలన్నీ విన్నాయి. అమ్మది వినలేదు.

పక్కనే కంప్యూటర్లు బాగుచేసే ఖాలేద్ భాయ్‌ని పిలిచాను. నేను చేసిందే ఆయన మళ్లీ చేస్తుండగా అమ్మ వచ్చింది. మార్కెట్ నుంచి ఇంటికి పోతూ గోంగూర కట్టలు ఇవ్వడానికి గంప దించి ఆగింది. అప్పుడు స్క్రీన్ మీద ఎడిటింగ్ ప్రోగ్రాం ఉంది. మచ్చల్లేని ముఖం.

అమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ కాసేపు చూసింది.

"ఎవరు బిడ్డా గామె? మంచిగున్నది."

"ఒక గిరాకీ వాళ్లమ్మ," అన్నాను.

ఖాలేద్ భాయ్ నా వైపు తిరగలేదు. ఆయన చేతిలో మౌస్ మాత్రం ఆగింది. అమ్మ స్టూల్ మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. ఆమె తొందరగా వెళ్లిపోతే బాగుండునని నాకు ఒకటే ఆత్రం.

ఖాలేద్ భాయ్ ఆ చూసే ప్రోగ్రాంనే కంప్యూటర్‌లోంచి తీసేశాడు. ఎక్కడా మిగల్లేదని నాకు చూపించాడు. తెరిచి ఉన్నవన్నీ మూసి, అమ్మ ఫైలు మీద నొక్కాడు.

ఫొటో స్క్రీన్ నిండా వచ్చింది. పైన ఏ ప్రోగ్రాం పేరూ లేదు, మూసే గుర్తు లేదు. మచ్చలతో అమ్మ నవ్వుతోంది. ఆయన కంప్యూటర్‌లో ఏయే ప్రోగ్రాంలు నడుస్తున్నాయో వెతికి చూశాడు.

"అక్కా, దీన్ని తెరిచింది ఏదో సమజ్ అయితలేదు. ఏం నడుస్తలేదు," అన్నాడు మెల్లగా.

అమ్మ లేచి దగ్గరికి వచ్చింది.

"గిది నేను గదా," అంది. తర్వాత నా వైపు చూసింది. "మరి ఇందాకటామె ఎవరు?"

నేను గోంగూర కట్టల తాళ్లు విప్పుతూ నిలబడ్డాను. అమ్మ గంప దగ్గరికి వెళ్లింది. గంప తలకెత్తుకునేటప్పుడు ఎప్పుడూ నేనే చెయ్యేసి సాయం పడతాను. ఆ రోజు ఖాలేద్ భాయ్ పట్టాడు.

ఫ్లెక్సీలో ఫోన్‌లో ఉన్న అసలు ఫొటోనే పెట్టాను. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఫంక్షన్‌కు అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. మనవరాలి పక్కన ఫొటోకు నిలబడి, అందరూ సర్దుకున్నాక, కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అలా చేయడం నేను ఎన్నడూ చూడలేదు.

ఖాలేద్ భాయ్ తర్వాత కంప్యూటర్ అంతా గాలించాడు. కారణం దొరకలేదు. నాకూ ఈరోజు వరకు అర్థం కాలేదు. ఆ ఫైలు ఇప్పుడు చెప్పినట్టే వింటోంది. నొక్కితే ఎడిటింగ్ ప్రోగ్రాంలోనే, మచ్చలేమీ లేకుండా తెరుచుకుంటోంది. షాపులో ఎవరూ లేనప్పుడు మళ్లీ మళ్లీ నొక్కి చూస్తుంటాను, ఒక్కసారైనా అమ్మ కనిపిస్తుందేమోనని.